గులాబీ పాదులో పిల్లి, కొమ్మ మీద పికిలిపిట్ట

గులాబీలు పెంచే ఇంట్లో పిల్లి వుండకూడదంటారు. పిల్లి తిరిగే ఇంట్లో పిట్ట వాలదంటారు. ఈ రెండు మాటలూ మీరూ వినే వుంటారు. మా పెరట్లో మాత్రం గులాబీలూ, పిల్లీ, పిట్టలూ మూడూ వున్నాయి. వచ్చినవాళ్ళందరూ 'అబ్బ, ఎంత ముచ్చటగా వుందో!' అంటూంటారు. నేను నవ్వి వూరుకుంటాను. ఆ ముచ్చట వెనకాల నేను చేసిన ఒక పెద్ద తప్పు వుంది. ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మొక్కలకి మందు కొట్టే అలవాటు మనలో చాలామందికి వుంది కాబట్టి ఇవాళ మీకు చెబుదామనిపించింది.

మాది రాజమహేంద్రవరం నుంచి కడియం వెళ్ళే దారి. ఇల్లు కట్టుకోగా వెనకాల రెండు సెంట్ల పెరడు మిగిలింది. ఒక నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు, ఒక జామచెట్టు, అత్తయ్యగారి తులసికోట. మిగతాదంతా నా గులాబీలే. కడియపులంక, వేమగిరి పక్కన కాపురం వుండి మొక్క పెంచకపోతే ఎలాగండీ! రోడ్డుకి రెండు వైపులా నర్సరీలు, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మొక్కలు. పెళ్ళికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా తిరిగొచ్చేటప్పుడు ఒక సంచి ఒళ్ళో పెట్టుకునే బస్సు దిగుతాను. 'అందరి పెళ్ళాలూ చీరల కొట్టు దగ్గర ఆగుతారు, నువ్వు మట్టి దగ్గర ఆగుతావు' అని మావారు వేళాకోళం చేస్తారు. చీరల కొట్టు దగ్గరా ఆగుతాననుకోండి, అది వేరే సంగతి.

ఎడ్వర్డ్ గులాబీలు ఆరు మొక్కలున్నాయి. మంచి వాసన, ఏడాది పొడుగునా ఎన్నో కొన్ని పూస్తూనే వుంటాయి. దేవుడికీ, జడలోకీ ఇవే. ఎర్రటి గ్లాడియేటర్లు నాలుగు. కుండీల్లో బటన్ గులాబీలు. 'పీస్' అని, పసుపుపచ్చ రేకులకి గులాబీరంగు అంచుండే రకం ఒకటి ముచ్చటపడి తెచ్చాను. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో దానికా పేరు పెట్టారట. మా ఎండలకి తట్టుకోలేక మూడో వేసవికే అది శాశ్వతంగా శాంతించింది.

గులాబీకి అసలు పని దసరా వెళ్ళి వానలు వెనకబట్టాక మొదలవుతుంది. ఎండు కొమ్మ, లోపలికి పెరిగే కొమ్మ, పెన్సిలు కన్నా సన్నగా వున్న కొమ్మ తీసెయ్యాలి. మిగిలినవాటిని బయటివైపుకి చూస్తున్న కన్ను మీద పావంగుళం వదిలి ఏటవాలుగా కొయ్యాలి. మైలుతుత్తం, సున్నం చెరో 100 గ్రాములు విడివిడిగా అరలీటరు నీళ్ళలో కరిగించి, తరవాత రెండూ కలిపి, కోసిన చోటల్లా పూస్తే కొమ్మ పైనుంచి కిందికి ఎండుకుంటూ రాదు. ప్లాస్టిక్ డబ్బాలోనే కలపండి, ఇనప గిన్నె పనికిరాదు. అంటు కట్టిన చోటుకి కింద నుంచి ఏ కొమ్మయినా దుడ్డుకర్రలా పైకొస్తే మురిసిపోకండి. అది మన గులాబీ కాదు, అంటు కట్టడానికి వాడిన అడవి గులాబీది. మొదలంటా తీసెయ్యకపోతే అదే మొక్కని మింగేస్తుంది. మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి పాదుకి వేసి నీళ్ళు పెడితే నెలన్నరకి పూలు.

ఇక పిల్లి. దాన్ని మేము తెచ్చుకోలేదు. 2015లో వినాయకచవితి ముందు ముసురు పట్టినప్పుడు నూతి చప్టా మీదకి తనే వచ్చి కూర్చుంది. తెలుపు, నలుపు, గోధుమరంగు కలిసిన మచ్చలు. (ఇలా మూడు రంగులున్న పిల్లి ఇంచుమించు ఎప్పుడూ ఆడదే అయివుంటుందని తరవాత తెలిసింది.) నుదుటి మీద నల్ల మచ్చ వుందని 'చుక్కి' అని పేరు పెట్టాం. అత్తయ్యగారు మొదట్లో 'పొద్దున్నే ఎదురొస్తే ఏం పని జరుగుతుందమ్మా' అని సణిగారు. వారం తిరక్కుండా బియ్యం బస్తా దగ్గర ఎలుకల అలికిడి ఆగిపోయింది. ఆ పైన ఆవిడే దానికి పెరుగన్నం కలపడం మొదలుపెట్టారు. ఒక మాట చెప్పాలి. పెరుగన్నం మీదే పిల్లిని పెంచితే దాని కళ్ళూ గుండే పాడవుతాయి. మాంసంలో దొరికే సత్తువ దానికి వేరేచోట దొరకదు. అందుకని చేప తలకాయలు ఉడికించి, ముళ్ళు తీసి అన్నంలో కలిపి పెడతాను. పాలు కూడా పెద్ద పిల్లులకి చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి.

2017లో చుక్కి రెండు పిల్లల్ని పెట్టింది. ఒకదాన్ని మా ఆడపడుచు తీసుకెళ్ళింది. రెండోవాడు బుజ్జిగాడు. వాడి కథ చివర్లో వుంది.

ఆకుల్లో గుండ్రటి కన్నాలు

ఆ ఏడు శ్రావణమాసంలో ఎడ్వర్డ్ మొక్కల ఆకులకి ఏదో తెగులు పట్టుకుంది. ఆకు అంచున ఎవరో కత్తెరతో బొట్టుబిళ్ళంత ముక్క గుండ్రంగా కోసుకుపోయినట్టు వుండేది. రోజుకి పది, పదిహేను ఆకులు. పురుగు మాత్రం ఎక్కడా కనబడదు. ఆకు తిరగేసి చూశాను, రాత్రి టార్చిలైటు వేసి చూశాను. వరలక్ష్మీవ్రతానికి మొక్కలు ఇలా దిష్టితగిలినట్టు వుంటే ఎలాగని ఒక ఆకు తుంపుకుని ఎరువుల కొట్టుకి వెళ్ళాను. 'గుళికలు వెయ్యండమ్మా, దెబ్బకి పోతుంది' అని న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి ఇచ్చారు. ఫోరేట్ గుళికలు. వరికి, చెరుక్కి వేసే మందు. పొట్లం కాబట్టి మీద పుర్రెబొమ్మా లేదు, ఎర్రరంగు గుర్తూ లేదు. నేనూ ఏమీ అడగలేదు.

సాయంత్రం పాదులన్నిటికీ చెంచాడేసి వేసి, మట్టి కప్పి, నీళ్ళు పెట్టాను. వాసనకి తల తిరిగింది. చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి వచ్చేశాను. నా చేతుల సంగతి నేను చూసుకున్నాను గానీ, చుక్కి కాళ్ళ సంగతి నాకు తట్టలేదు.

పిల్లికి గుల్లగా తవ్విన తడిమట్టి కనిపిస్తే ఏం చేస్తుందో మీకు తెలుసు కదా. గొయ్యి తీసుకుని, పని కానిచ్చుకుని, మళ్ళీ కప్పెడుతుంది. తరవాత తీరుబడిగా కూర్చుని నాలుగు కాళ్ళూ నాకి శుభ్రం చేసుకుంటుంది. రాత్రి పదింటికి చూస్తే నోటి వెంట చొంగ కారిపోతోంది. ఒళ్ళంతా వణుకు. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఏదో తిని వుంటుందిలే, పొద్దున్నకి తగ్గుతుందిలే అనుకున్నాం. పొద్దున్న బుట్టలో వేసుకుని పశువుల డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన చూడగానే 'ఇంట్లో పురుగుమందు ఏం వాడారమ్మా?' అని అడిగారు. అట్రోపిన్ ఇంజక్షను ఇచ్చారు. ఈ జాతి మందులకి విరుగుడు అదేనట. రాత్రే తీసుకొచ్చి వుంటే ఆశ వుండేదన్నారు. పదకొండు గంటలకి పోయింది.

ఇంటికొచ్చి చూస్తే పాదు పక్కన ఒక గోరింక చచ్చిపడి వుంది. ఇసక రేణువులనుకుని పిట్టలు ఆ గుళికలు ఏరుకుంటాయట. నూతి దగ్గర రెండు కప్పలు వెల్లకిలా పడివున్నాయి. అత్తయ్యగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు మజ్జిగ తప్ప ఏమీ తీసుకోలేదు, అంతే. బుజ్జిగాడు మాత్రం బతికాడు. జలుబు చేసిందని వాణ్ణి ఆ రెండు రోజులూ గదిలోనే వుంచాం.

మావారూ నేనూ పాదుల మట్టి జానెడు లోతున, చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని తవ్వి తీసి, కొత్త మట్టి నింపాం. ఆ కార్తీకంలో గులాబీలు విరగబూశాయి. ఉన్న మాట చెప్పాలి కదా, అన్ని పూలు అంతకుముందు ఎప్పుడూ పూయలేదు. కానీ ఆ మందు వేరునుంచి ఆకుదాకా పాకుతుందని డాక్టరుగారు చెప్పాక, ఒక్క పువ్వు కూడా దేవుడి దగ్గర పెట్టలేకపోయాను. జడలో పెట్టుకోలేదు. ఏటా చేసే గులాబిరేకుల గుల్కందు చెయ్యలేదు. చెట్టు మీదే రాలిపోయాయి.

ఫోరేట్‌ని మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. అయినా అటక మీదో, పశువులపాకలోనో పాత పొట్లం వుండొచ్చు. వుంటే దాన్ని కాలవలో పారెయ్యకండి, పెంటకుప్పలో వెయ్యకండి. ఊళ్ళో వ్యవసాయశాఖవాళ్ళని అడిగి వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి.

డాక్టరుగారు ఆ రోజు ఇంకొన్ని చెప్పారు. మనం రోజూ వాడేవే. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. జాలిపడి సగం బిళ్ళ వేసేవాళ్ళున్నారట. ఫినాయిలుతో గచ్చు కడిగితే ఆరేదాకా పిల్లిని రానివ్వకూడదు, అదీ కాళ్ళు నాకుతుంది కదా. పాములు రాకుండా చెట్ల మొదట్లో కలరా ఉండలు వేస్తారు చూడండి, అవీ విషమే. కుక్కలకి గోమార్లు పోవడానికి చల్లే పొడుల్లో కొన్ని పిల్లికి పడవు. నా మైలుతుత్తం డబ్బా కూడా ఆ రోజే మూత బిగించి బీరువా మీదకి ఎక్కించాను.

దొంగ దొరికింది

మర్నాడు కాదు, మర్నెల కాదు. మరుసటేడు, అంటే 2018లో, ఒక మిట్టమధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ చూశాను. నల్లటి తేనెటీగలాంటిది ఒకటి వచ్చి గులాబీ ఆకు అంచున వాలింది. గిర్రున తిరిగింది. నేను ఒక జాకెట్టు దులిపి తీగ మీద వేసేంతలో గుండ్రటి ముక్క కోసి, పొట్ట కింద చుట్టుకుని ఎగిరిపోయింది. ఎక్కడికో తెలుసా? నేను బట్టలారేసే వెదురుగెడ బొంగులోకి! మా అబ్బాయి కాలేజీలో జువాలజీ మేష్టార్ని అడిగొచ్చాడు. అది ఆకులు కత్తిరించే తేనెటీగట. ఆకు తినదు. ఆ ముక్కల్ని చుట్టలా చుట్టి అందులో పుప్పొడి పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుందట. పురిటిగది అన్నమాట. దానివల్ల మొక్కకి వచ్చే నష్టం ఏమీ లేదు. పైగా పూల మీద వాలి పుప్పొడి మోసుకెళ్ళి కాయలు కాయడానికి సాయం చేస్తుందట.

ఆ మాట విని నేను చప్టా మీద కూలబడ్డాను. నేను గుళికలు వేసింది దీనికి! తెగులే కాని తెగులుకి!

ఆ వెదురుగెడ ఇప్పటికీ మార్చలేదు. కొత్త గెడ కొన్నాం, పాతది గోడకి ఆనించే వుంచాం.

మందులు మానేశాక అంతా బాగుపడిపోయిందని చెప్పను. మొదటి ఏడాది పేనుబంక మొగ్గల్ని నల్లగా ముసిరేసింది. పొద్దున్నే గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టేదాన్ని. తగ్గకపోతే లీటరు నీళ్ళకి ఒక చెంచా వేపనూనె, కాస్త కుంకుడురసం కలిపి సాయంత్రం పూట చల్లేదాన్ని. రెండో ఏడాదికి అక్షింతల పురుగులు వచ్చాయి. ఎర్రగా నల్ల చుక్కలతో వుంటాయి, వాటిని చాలామంది పురుగని నలిపేస్తారు. అవీ, వాటి పిల్లలూ పేనుబంకని నమిలేస్తాయి. కప్పలు మళ్ళీ నూతి దగ్గరికి చేరాయి. కంచె మీద తొండలు. జామచెట్టు మీద ఉడతలు ఒక్క కాయనీ పూర్తిగా తినవు, అన్నిటినీ కొరికి మనకి మిగులుస్తాయి. జెర్రిపోతు ఒకటి ఏటా వస్తుంది. అది విషప్పాము కాదు, ఎలుకల కోసం తిరుగుతుంది. మా పక్కింటి పిన్నిగారు కర్ర తెమ్మని కేకలేస్తారు, నేను పిల్లిని లోపల వేసి తలుపేసుకుంటాను. దాని పని అది చూసుకుని పోతుంది.

అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు

2021లో మా అమ్మాయి పురిటికి వచ్చింది. వియ్యపురాలు ఫోను చేసి, 'వదినగారూ, ఏమీ అనుకోకండి, ఆ పిల్లిని ఎక్కడికైనా పంపించెయ్యండి. కడుపుతో వున్న పిల్లకి మంచిది కాదట' అన్నారు. ఆవిడ మాట వట్టి చాదస్తం కాదు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి వుండే అవకాశం వుంది, అది గర్భిణికి సోకితే లోపలి బిడ్డకి ప్రమాదం. లేడీ డాక్టరుగారిని అడిగాం. అమ్మాయికి రక్తపరీక్ష చేయించి, ఆవిడ విడమర్చి చెప్పారు. పిల్లికి ఆ క్రిమి మొదటిసారి సోకినప్పుడు ఒక రెండు మూడు వారాలపాటే మలంలో పడుతుందట. పడిన వెంటనే అంటుకోదు, ఒక రోజైనా గడవాలి. కాబట్టి ఏ రోజుకారోజు ఇంకొకళ్ళు తీసి పారేస్తే సరిపోతుంది. పిల్లికి పచ్చిమాంసం పెట్టకూడదు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోటమట్టి, వీటివల్లా మనకి సోకుతుందట. అంటే పిల్లిని పంపించేసినా నా గులాబీ పాదులు వుండనే వున్నాయి!

అందుకని అమ్మాయిని మట్టి ముట్టుకోనివ్వలేదు. నేను చేతితొడుగులు లేకుండా పాదు తవ్వడం మానేశాను. బుజ్జిగాడికి జామచెట్టు కింద ఒక మూల ఇసక పోసి, రోజూ పొద్దున్నే నేనే పారతో తీసేదాన్ని. కానీ వాడు ఇసకలోకి వెళితేనా! పాదులే కావాలి. నిమ్మతొక్కలు వేస్తే రావంటారు. వేశాను. ఒక రోజు దూరంగా వున్నాడు, మర్నాడు ఆ తొక్కల పక్కనే పడుకున్నాడు. చివరికి గులాబీలే దారి చూపించాయి. దసరాకి కత్తిరించిన ముళ్ళకొమ్మలు, తెగులు లేనివి చూసి, జానెడు ముక్కలు చేసి పాదుల నిండా పరిచాను. పైన కొబ్బరిపీచు. రెండు రోజుల్లో అయ్యవారు ఇసకమూలకి మకాం మార్చారు. మనవరాలు క్షేమంగా పుట్టింది. ఇప్పుడు దానికి పిల్లి అంటే ప్రాణం, వియ్యపురాలు నన్ను చూసి నవ్వుతారు.

బుజ్జిగాడికి ఏడో నెలలోనే ఆపరేషను చేయించాం. ఏటా రేబిస్ టీకా. గీరినా కరిచినా పావుగంటసేపు సబ్బునీళ్ళతో కడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిందే, మన పిల్లే కదా అని వూరుకోకూడదు.

పదహారు రోజుల జైలు

ఇంత చేసినా పిట్టల సంగతి దగ్గర నేను ఓడిపోతూనే వున్నాను. కడుపునిండా తిన్న పిల్లి వేటాడదనుకోవడం మన భ్రమ. వాడు తినడానికి పట్టడు, కదిలిందని పడతాడు. పొద్దున్నే గుమ్మంలో తేనెపిట్ట ఈకలు చూసి ఎన్నిసార్లు ఏడిచానో. 'పిల్లికి చెలగాటం' అని ఊరికే అన్నారా!

2023 మార్చిలో ఎడ్వర్డ్ మొక్క నడుమెత్తు పంగలో పికిలిపిట్ట గూడు కట్టింది. తల మీద నల్ల జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ వుంటుందే, అదే. పుల్లలు, పీచు, మా అమ్మాయి జడపిన్నుకి చుట్టుకున్న వెంట్రుకలు కూడా తెచ్చి దొప్పలా అల్లింది. మూడు గుడ్లు. మొక్క మొదట్లో దాచిన ముళ్ళకొమ్మలన్నీ మోకాలెత్తు పేర్చాను. రెండు వారాలకి పిల్లలు బయటికొచ్చాయి. కిచకిచ వినపడగానే బుజ్జిగాడి చెవులు అటు తిరిగాయి. అంతే, ఎత్తుకెళ్ళి వెనక వరండాలో పెట్టి జాలీ తలుపు వేసేశాను. ఇసకపళ్ళెం, నీళ్ళు, ఒక పాత దిండు.

ఇల్లంతా పీకి పందిరేశాడండీ! రాత్రుళ్ళు అరుపులు. 'పిట్టకి పురుడు, పిల్లికి జైలు' అని మావారు. అయిదో రోజు పొద్దున్న గూట్లో రెండే పిల్లలున్నాయి. వాడు ఎలాగో బయటపడ్డాడనుకుని చీపురు పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. దిండు మీద నిద్రపోతున్నాడు. మర్నాడు దొంగని కళ్ళారా చూశాను. జెముడుకాకి! ఎర్రకళ్ళు, ఇటికరాయి రంగు రెక్కలు. అది గూళ్ళలో పిల్లల్ని ఎత్తుకుపోతుంది. నూతి దగ్గర నుంచి చెంబు విసిరితే ఎగిరిపోయింది. ఆ రోజునుంచి కూరలు తరుక్కోవడం, బియ్యం ఏరుకోవడం అన్నీ చప్టా మీదే.

పన్నెండో రోజున రెండూ గూడు దిగాయి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. గూడు దిగినంతమాత్రాన వాటికి ఎగరడం రాదు. నాలుగు రోజులు నేలమీద, కొమ్మల్లో గెంతుతూ వుంటాయి, తల్లీతండ్రీ అక్కడికే తెచ్చి పెడతాయి. పడిపోయాయని మనం ఇంట్లోకి తెచ్చుకోకూడదు. పిల్లిని బయటికి వదలకూడదు. పదహారో రోజు సాయంత్రం ఒకటి నూతిగిలక మీదనుంచి జామకొమ్మ మీదకి తిన్నగా ఎగిరింది. రెండోది ముందురోజే కనపడలేదు. ఎగిరిందో, ఇంకేమైందో.

తలుపు తీస్తే బుజ్జిగాడు నా మొహం కూడా చూడలేదు. మూడు రోజులు నా చేత్తో పెట్టింది తినకుండా అత్తయ్యగారి దగ్గరే పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఏటా వేసవిలో వాడికి వరండానే. మిగతా రోజుల్లో తెల్లారాక ఒక గంట, మునిమాపువేళ ఒక గంట లోపల వుంచుతాను, పిట్టలు నేలమీద మేసే వేళలవి.

ఆ దసరాకి కత్తెర పట్టుకుని ఎడ్వర్డ్ మొక్క దగ్గర నిలబడ్డాను. గూడు వానలకి రాలిపోయింది, పంగలో నాలుగు పీచులు మిగిలాయి. ఆ రెమ్మ పెన్సిలు కన్నా సన్నం, పైగా లోపలికి పెరిగింది. నా లెక్క ప్రకారం తీసెయ్యాల్సిందే. దాన్ని వదిలేసి పక్క కొమ్మకి వెళ్ళాను.